పిండి బొమ్మ మీద పసిచేతి గుర్తు

గోధుమ పిండిలో ఉప్పు కలిపి ముద్ద చేసి, బిళ్లలుగా తట్టి, వాటిపై పిల్లల అరచేతి గుర్తు వేయించి, ఎండబెట్టి, రంగులద్ది, దారం కట్టి గోడకు వేలాడదీసే అలవాటు పట్టణాల్లోని శిశు పాఠశాలలకూ, కొన్ని ఇళ్లకూ కొత్తగా వచ్చి చేరింది. పాశ్చాత్య దేశాల్లో క్రిస్మస్ చెట్టుకు కట్టే అలంకారాల కోసం పుట్టిన ఈ పద్ధతి ఫోన్లలోని వీడియోల ద్వారా ఇక్కడికి వచ్చినది. పసితనాన్ని గుర్తుగా దాచుకోవాలన్న కోరిక మంచిదే. అయితే అనంతపురం వంటి కరువు సీమలో ఇది ఎలా జరగాలి, ఎవరి చేతులతో జరగాలి అన్నది పెద్దలు కొంత ఆలోచించవలసిన విషయం.

ముందుగా ఒక అభ్యంతరాన్ని చెప్పుకోవలసి ఉన్నది. "తినే పిండిని ఉప్పులో కలిపి పాడు చేస్తారా?" అని ఇంట్లో అవ్వ అడిగితే ఆ ప్రశ్నను నవ్వి తోసిపుచ్చరాదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే ఈ జిల్లా దేశంలో అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాలలో ఒకటి. 1876-78 నాటి మహా కరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. 1952లో గంజి కేంద్రాల ముందు జనం గిన్నెలు పట్టుకుని నిలబడిన రోజులను ఇక్కడి కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. నేల మీద పడిన గింజను ఏరి కళ్లకద్దుకునే ఇంట్లో రెండు గ్లాసుల పిండిని తినడానికి పనికిరాకుండా చేయడమంటే మనసు ఒప్పకపోవడం సహజం. అది చాదస్తమని ఎవరైనా అంటే వారికి ఈ నేల చరిత్ర తెలియదని అర్థం.

పాత మార్గమే

ఆ అవ్వ ప్రశ్నకు ఈ ప్రాంతపు ఆచారాలలోనే సమాధానం ఉన్నది. పిండితో బొమ్మ చేయడం, పిండిలో చేతి గుర్తు వేయడం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. నాగుల చవితికి చలిమిడి చేస్తారు. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ఆ ముద్దలోంచి పిల్లవాడు ఓ ఉండ అడిగి పామును చేస్తాడు, ప్రమిదను చేస్తాడు, చివరకు తినేస్తాడు. తొగట నేతగాళ్లు చౌడేశ్వరీదేవికి జరిపే జ్యోతుల ఉత్సవంలో పిండితో చేసిన జ్యోతిని తలపైకి ఎత్తుకుని ఊరేగుతారు. కృష్ణాష్టమి నాడు చిన్న పిడికిలిని బియ్యప్పిండి నీళ్లలో ముంచి, దాని పక్క భాగాన్ని గడప నుంచి పూజగది దాకా నేలపై అద్దుతారు. పైన వేళ్లతో ఐదు చుక్కలు పెడితే అచ్చం బాలకృష్ణుని పాదం. పసిచేతి గుర్తును పిండితో వేయడానికి అంతకంటే పాత ఉదాహరణ వెదకనక్కరలేదు.

ఈ ఆచారాలన్నిటిలో ఒక నియమం కనిపిస్తుంది. పిండితో చేసినది తినడానికో, దేవుడికి పెట్టి పంచడానికో. ముగ్గులో వేసిన పిండి సైతం చీమల పాలవుతుంది గానీ వృథా కాదు. దాచుకోవలసిన బొమ్మను మాత్రం మట్టితో చేశారు. ఏరువాక పున్నమికి, వినాయక చవితికి మట్టే వాడారు. పొరుగున ఉన్న కన్నడ సీమలో జ్యేష్ఠ అమావాస్యను మణ్ణెత్తిన అమావాస్య అంటారు. మణ్ణు అంటే మట్టి, ఎత్తు అంటే ఎద్దు. ఆ రోజు మట్టి ఎద్దుల జతను చేసి పూజిస్తారు. నిజం ఎద్దులు లేని ఇంట్లో కూడా ఆ పూట మట్టి ఎద్దులు ఉంటాయి.

కాబట్టి కరువు సీమకు తగిన పద్ధతిని ఇలా చెప్పుకోవచ్చు. తినదగిన పిండితో పిల్లలు చేసే బొమ్మను తిననివ్వాలి. దాచదలచిన బొమ్మకు చెరువు మట్టిని వాడాలి. అనంతపురం, బుక్కరాయసముద్రం, ధర్మవరం చెరువులు నీరు తగ్గినప్పుడల్లా ఒండ్రును ఉచితంగానే ఇస్తాయి. ఇక ఉప్పు పిండి బొమ్మే కావాలనుకుంటే పురుగు పట్టి జల్లెడ పట్టినా పనికిరాని పిండి, పిండిమర చుట్టూ రాలి ఊడ్చిపారేసే పిండి ఉండనే ఉన్నాయి. మరలో ఊడ్చిన పిండిని ఒకసారి జల్లించి ఇనుప రజను, రాళ్లు లేకుండా చూసుకుంటే చాలు. బొమ్మకు అది సరిపోతుంది. అవ్వకూ అభ్యంతరం ఉండదు.

ఎండకు మాత్రం కరువు లేదు

పద్ధతి చాలా సులువు. రెండు గ్లాసుల గోధుమ పిండికి లేక మైదాకు ఒక గ్లాసు మెత్తని ఉప్పు, సుమారు ఒక గ్లాసు నీళ్లు. నీళ్లు ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా చిలకరిస్తూ పది నిమిషాలు బాగా పిసకాలి. రాళ్ల ఉప్పు అయితే ముందుగా దంచుకోవాలి. లేకుంటే పలుకులు కరిగి బొమ్మపై గుంటలు పడతాయి. ముద్ద చేతికి అంటుకుంటే పిండి, పగులుతుంటే నీళ్లు చేర్చాలి.

గోధుమకు బదులు రాగి పిండి వాడితే ఏమని చాలామంది అడుగుతారు. ఈ జిల్లాలో సంగటి ముద్ద ప్రతి ఇంట్లోనూ ఉన్నది కనుక ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని గోధుమ పిండిని తడిపి పిసికినప్పుడు అందులోని మాంసకృత్తులు సాగే జిగురుగా మారి ముద్దను పట్టి ఉంచుతాయి. రాగి, జొన్న, కొర్ర, బియ్యం పిండ్లలో ఆ జిగురు లేదు. అందుకనే ఓళిగల పూర్ణాన్ని మైదాలోనో, గోధుమ పిండిలోనో పొదుగుతారు గాని జొన్న పిండిలో పొదగరు. జొన్న రొట్టె తట్టే ఇల్లాలు వేడి నీళ్లు పోసి కలిపేది కూడా ఈ జిగురు లోటును కొంత పూడ్చుకోవడానికే. చలిమిడిలో ఆ పని బెల్లం చేస్తుంది.

బిళ్ల మందం అర వేలికి మించకూడదు. దారం కోసం తడిగా ఉండగానే చీపురు పుల్లతో బెజ్జం వేయాలి. తర్వాత వచ్చేది ఆరబెట్టడం. చలి దేశాల్లో దీనికి సన్నని సెగ మీద పొయ్యి పెట్టెలో గంటల తరబడి ఉంచుతారు. గ్యాసు ఖర్చు, కరెంటు ఖర్చు. అనంతపురం వారికి ఆ అవసరం లేదు. వానకు కరువు గాని ఎండకు ఇక్కడ ఎన్నడూ కరువు లేదు. గాలి కూడా పొడి గాలి. అయితే తడి బొమ్మను తెచ్చి నేరుగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టరాదు. పైపొర ముందే ఎండి, లోపలి తడి ఇంకా ఉండిపోవడం వల్ల బొమ్మ బీటలు వారుతుంది. వాన వెలిసిన చెరువు కట్ట ఎలా నెర్రెలు విచ్చుతుందో అలాగే. మొదటి రోజు నీడలో, తర్వాత మూడు నాలుగు రోజులు ఎండలో, పూటకు ఒకసారి తిరగవేస్తూ ఉంచాలి. గోటితో తట్టినప్పుడు గట్టి చప్పుడు వస్తే ఆరినట్లే.

పిండిలో ఉప్పు వేయడానికి కారణం ఉన్నది. ఆవకాయను కాపాడే ఉప్పే బొమ్మనూ కాపాడుతుంది. అంత ఉప్పులో బూజు బ్రతకదు, పురుగు చేరదు. కాని ఆ ఉప్పే వానాకాలంలో గాలిలోని తేమను లాక్కుంటుంది. అప్పుడు బొమ్మ మెత్తబడి చెమర్చుతుంది. అందుకని ముందు, వెనుక రెండు వైపులా వార్నిషు పూయాలి. ఆ పని పెద్దలది. పిల్లల చేతికి వార్నిషు డబ్బా ఇవ్వరాదు.

రంగులకు బజారుకు పరుగెత్తనక్కరలేదు. పసుపు అందంగానే ఉంటుంది కాని ఎండ తగిలితే నెల తిరక్కముందే వెలిసిపోతుంది. ఇళ్ల గోడలకు పూసే జాజు మట్టి రంగు, అది ఏళ్లు గడిచినా చెక్కు చెదరదు. పొయ్యిలోని బొగ్గు నలుపునిస్తుంది. వేలాడదీయడానికి ధర్మవరంలో మగ్గాల దగ్గర మిగిలిపోయే పట్టు పోగులకు మించిన దారం ఏ దుకాణంలోనూ దొరకదు.

జాగ్రత్తలు

ఉప్పు పిండి ముద్ద విషయంలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ముద్దలో మూడో వంతు ఉప్పే. దానిని ఎక్కువగా మింగితే పసిపిల్లలకు ప్రమాదం. ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకునే రెండు మూడేళ్ల పిల్లలకు ఈ ముద్దను వదిలివేయకూడదు. వారికి చలిమిడో, చపాతీ పిండో ఇస్తే అంత ఉప్పు మింగే భయం ఉండదు. ఆరిన బొమ్మలను కుక్కలకు అందనంత ఎత్తులో కట్టాలి. ఉప్పు పిండి బొమ్మలు తిన్న కుక్కలు తీవ్రంగా జబ్బు పడతాయని, ప్రాణాలు కూడా పోతాయని విదేశాలలోని పశువైద్యులు హెచ్చరిస్తున్నారు. చేతిపై గాయం ఉన్న పిల్లలకు ఉప్పు మండుతుంది, వారి చేత మట్టి బొమ్మ చేయించడం మేలు.

ఎవరి చేయి?

పైవన్నీ పద్ధతులు. అసలు విషయం వేరే ఉన్నది. పిల్లల చేత చేయించామని చెప్పి పెద్దలే చేసిన బొమ్మలు గోడలెక్కుతున్నాయి. అచ్చుతో కోసిన గుండ్రని బిళ్ల, పెద్దల చేతితో దిద్దిన పువ్వు, ముత్యాల్లాంటి అక్షరాలలో పేరు. పిల్లవాడి వంతు అరచేయి చాచడం మాత్రమే. పైగా గుర్తు కొంచెం వంకర పోతే బిళ్లను పిసికి మళ్లీ వేయిస్తున్నారు. దుకాణాలలో అచ్చులు, రంగులు, పిండితో సహా పెట్టెలు అమ్ముతున్నారు. ఫోటో తీసి నలుగురికీ పంపడంతో పని పూర్తవుతున్నది. దీనిని పిల్లల పని అనడం సబబు కాదు.

ఇందులో పిల్లల కాలక్షేపం కంటే పెద్ద సంగతి ఇమిడి ఉన్నది. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో మొదటి శిశు విద్యాలయాన్ని నెలకొల్పిన ఫ్రోబెల్ పిల్లల పనులలో మట్టితో రూపాలు చేయడాన్ని కూడా చేర్చాడు. పలక పట్టే ముందు వేళ్లు బలపడాలి. పిసకడం, నులమడం, చిదమడం వల్లనే ఆ బలం వస్తుంది. రేపు బలపం పట్టేది, ఎల్లుండి మగ్గం మీద పోగు అతికేది ఆ వేళ్లే. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కళాకారుల పనితనం చూసినవారికి వేళ్ల విద్య విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. అటువంటి విద్య అచ్చుతో కోసిన బిళ్ల మీద చేయి ఆనించినంత మాత్రాన రాదు.

ప్రపంచమంతటా ఆడుకునే రంగు పిండి ముద్ద పుట్టుక కూడా ఈ మాటనే చెబుతున్నది. అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఒక కంపెనీ బొగ్గు పొయ్యిల మసి పట్టిన గోడ కాగితాలను తుడిచే పిండి ముద్దను తయారుచేసేది. బొగ్గు పొయ్యిలు పోయి గ్యాసు వచ్చేసరికి దానికి గిరాకీ పడిపోయింది. ఆ కంపెనీ యజమాని బంధువైన ఒక శిశు పాఠశాల ఉపాధ్యాయిని ఆ ముద్దను పిల్లలకు ఇచ్చి పండుగ అలంకారాలు చేయించింది. గట్టి మట్టితో కుస్తీ పట్టలేని చిన్న వేళ్లు దానితో ఇష్టంగా పనిచేశాయి. 1956లో అది ప్లే డో అనే పేరుతో బొమ్మల అంగళ్లకు చేరింది. మూలపడిన సరుకుకు కొత్త జీవితం ఇచ్చినది పిల్లలను తమంతట తాము పిసకనిచ్చిన ఒక ఉపాధ్యాయిని. దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ దేశంలో క్విటో నగరం చెంత ఉన్న కల్దెరోన్ ఊరిది మరో కథ. చనిపోయిన పెద్దలకు పెట్టే పిండి బొమ్మల ఆచారం నుంచే అక్కడ రంగుల పిండి బొమ్మల కళ పెరిగి, ఆ ఊరికి పేరు తెచ్చింది. చైనాలోనూ పిండి బొమ్మల కళ తరతరాలుగా నిలిచి ఉన్నది. ఎక్కడ చూసినా ఇంటి పిండిలోంచే, ఇంటి చేతులలోంచే ఈ కళ పుట్టింది.

వలస పోయిన వారికి ఒక గుర్తు

పల్లెల్లో ఈ విషయానికి ఇంకొక ముఖం ఉన్నది. వేరుశనగ పంట చేతికి రాని ఏడు తల్లిదండ్రులు బెంగుళూరుకో, కేరళకో పనులకు పోతారు. పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. నెలల తరువాత వచ్చిన తల్లికి బిడ్డ ఎత్తు పెరిగినట్లు కనిపిస్తుంది గాని ఎంత పెరిగిందో తెలియదు. ఫోన్లో మాట వినబడుతుంది, ముఖం కనబడుతుంది. చేయి ఎంత ఉన్నదో తెలియదు. పయనమయ్యే ముందు రోజు వేసిన చేతి గుర్తు బిళ్ల ఒకటి అవ్వ ఇంట్లో, ఒకటి తల్లి మూటలో ఉంటే, తిరిగి వచ్చిన నాడు బిడ్డ చేతిని ఆ గుర్తు మీద పెట్టి చూసుకోవచ్చు. ఎండేటప్పుడు బిళ్ల కొద్దిగా కుంచించుకున్నా ఆ తేడా స్వల్పం. వేలు ఎంత దాటిందో కంటితోనే తెలుస్తుంది. బిళ్ల వెనుక పేరు, తేదీ గీయడం మరువకూడదు. పిల్లవాడికి అక్షరాలు రాకుంటే వాడు గీసిన గీతే చాలు, తేదీ మాత్రం పెద్దలు వేయాలి.

ఫోను పోతే వేయి ఫోటోలు పోతాయి. గూట్లో పెట్టిన బిళ్ల పడి పగిలితే తప్ప పోదు. పగిలినా ముక్కలను దాచుకునే తల్లులు ఉంటారు. వంకరగా ఉన్నందుకే దానిని మరింత ప్రేమగా దాచుకుంటారు. అచ్చులో పోసిన బిళ్ల ఎవరి బిడ్డదైనా కావచ్చు. ఒక వేలు లోతుగా, మరో వేలు పైపైన పడిన ముద్ద ఆ ఒక్క బిడ్డదే.

అంగన్‌వాడీలలో

ఈ పని డబ్బున్న పట్టణ ఇళ్లకు పరిమితం కారాదు. 1975 అక్టోబర్ 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో పౌష్టికాహారంతో పాటు మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వ ప్రాథమిక విద్య కూడా ఒక భాగం. ఆటల ద్వారా నేర్పే ఉద్దేశంతో మూడు నుంచి ఎనిమిదేళ్ల వారి కోసం కేంద్ర విద్యాశాఖ 2023 ఫిబ్రవరిలో జాదుయీ పిటారా అనే సామగ్రిని విడుదల చేసింది. మంచిదే. అయితే పెట్టె వచ్చే దాకా ఆగవలసిన పని లేదు. బంకమట్టికి టెండరు అక్కరలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినది. రెండు జిల్లాల అధికారులూ నెలకు ఒక పూటను మట్టి, పిండి పనికి కేటాయించవచ్చు. ఊరిలోని అవ్వలను పిలిపించి చలిమిడి పాములు, మట్టి ఎద్దులు చేయించవచ్చు. కుమ్మరి ఉన్న ఊరిలో పిల్లల బొమ్మలను ఆయన ఆవంలో ఒక మూల పెట్టించుకుంటే అవి కాలి, తడిసినా చెడకుండా ఉంటాయి. కేంద్రంలోని భోజన సరుకుల నుంచి పిండి తీయరాదన్న నిబంధన మాత్రం గట్టిగా ఉండాలి. బిడ్డ నోటి కాడి పిండి బొమ్మల పాలు కావడం ఎవరికీ సమ్మతం కాదు.

మరొక మాట. ఈ పనికి పోటీలు, బహుమతులు పెట్టడం మంచిది కాదు. బహుమతి పెట్టిన మరుక్షణం బొమ్మ పెద్దల చేతిలోకి పోతుంది. రిజిస్టరులో రాయడానికి, ఫోటో తీసి పై అధికారికి పంపడానికి జరిగే కార్యక్రమంగా మారితే పిల్లలకు దక్కేది ఏమీ ఉండదు. పిల్లవాడు ఏనుగు అని చేసినది కుక్కలా ఉండవచ్చు. అది ఏనుగే అని ఒప్పుకునే ఓర్పు కార్యకర్తకూ, తల్లికీ కావాలి.

ఇంట్లో కూడా ఇంతే. ఓళిగలు చేసే రోజున, చపాతీలు ఒత్తే పూట, పక్కన కూర్చున్న బిడ్డకు నిమ్మకాయంత ముద్ద ఇవ్వడానికి తల్లికి పట్టే సమయం క్షణం. ఆ ముద్ద మురికి పట్టి నల్లబడినా ఫర్వాలేదు. అది పెనం మీద కాలి బిడ్డ కడుపులోకి పోయినా మంచిదే, మట్టి ముద్దగా మారి గూట్లో నిలిచినా మంచిదే. పెద్దలు చేయవలసినది ఒక్కటే. ముద్దను ఇచ్చి, తమ చేతులను వెనక్కు తీసుకోవాలి.